మేనత్త త్యాగం మానుకున్న నలభై రోజులు

ఈ ఏడు బూడిద బుధవారం పొద్దున, తిరుపతిలో మా ఇంట్లో, మా ఆవిడ దోసెలతో పాటు ఒక ప్రశ్న కూడా వడ్డించింది. "ఏమబ్బా, ఈ నలభై రోజులు నువ్వేమి వదిలేస్తా ఉండావు?" ఈస్టరుకు ముందు వచ్చే ఈ శ్రమల కాలం మొదలయ్యిందంటే మా క్రైస్తవుల ఇళ్లలో మనిషికొకటి వదిలేయడం అలవాటు. ఆవిడ అప్పటికే కాఫీ వదిలేసింది. ఆవిడ కాఫీ వదిలేస్తే వచ్చే తలనొప్పిని ఒక్కతే ఉంచుకోదు, వాటాలు వేసి ఇంటిల్లిపాదికీ పంచుతుంది. కాలేజీకి పోయే మా అమ్మాయి ఫోనులో రీల్సు వదిలేసింది. వదిలేస్తున్న సంగతి లోకానికి తెలియాలి కాబట్టి దాని మీద ఒక రీలు చేసిపెట్టి మరీ వదిలేసింది. ఇంతటి త్యాగమూర్తుల మధ్య కూర్చుని, దోసె చట్నీలో ముంచుకుంటూ, గొంతు గంభీరంగా పెట్టి నేను "కాకరకాయ" అన్నాను. మా ఆవిడ అట్లకాడ ఎత్తి పట్టుకుని చూసిన చూపుకు పెనం మీది దోసె తనంతట తానే తిరగబడింది. "నువ్వు పుట్టినప్పట్నుంచి కాకరకాయ ముట్టింది యాడ? వదిలేస్తే మీ మేనత్త మాదిరి వదిలేయాల. దానికి గుండె ఉండాల."

ఆ మాటకు నా దోసె సగం దారిలో ఆగిపోయింది. మా మేనత్త, అంటే మా నాయనకు చెల్లెలు, ఓ పదేళ్ల కిందట శ్రమల కాలంలో వదిలేసింది కాఫీ కాదు, మాంసం కాదు, తీపి కాదు. ఆమె త్యాగాన్నే వదిలేసింది. నవ్వకండి. మా ఊరి చర్చిగుడి నిండా జనం ముందు లేచి నిలబడి, ఈ నలభై రోజులు త్యాగాలు మానేస్తున్నానని చెప్పింది. ఆ వార్తకు మా ఊళ్లో పుట్టిన అలజడి ముందు రాకెట్టు పైకి లేచినప్పుడు సూళ్లూరుపేట కిటికీలు అదిరే అదురు ఏపాటి?

చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో పెద్ద రోడ్డు దిగి, చెరకు తోటల మధ్య కొంచెం లోపలికి పోతే మా ఊరు వస్తుంది. ఊరి మొదట్లో మా గుడి, గుడికి సరిగ్గా ఎదురుగా గోళీసోడా కొట్టు, గుడి వెనక సందులో మా మేనత్త ఇల్లు. వినాయకుడి దగ్గరికి నడిచిపోయే భక్తులకు ఆ కొట్టాయన గోళీ లోపలికి నొక్కి సోడా కొడితే, ఆ కీచుమనే చప్పుడు మా గుడి గంట కంటే దూరం పోతుంది. పాతకాలపు పాస్టరు అయ్యగారొకరు ప్రార్థన చివర ఆమెన్ అనడానికి గుక్క తిప్పుకునే లోపల ఆ సోడా ఆమెన్ చెప్పేసేదని మా నాయన నవ్వేవాడు. ఈ సోడా చప్పుడును కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మా అత్త త్యాగాల సంగతి. నేను ఏదైనా కాస్త పెంచి చెబుతానని మా బంధువుల్లో ఒక అపవాదు ఉంది. ఈ విషయంలో మాత్రం తగ్గించే చెబుతున్నాను. ఊళ్లో ఎవరికి తుమ్ము వచ్చినా ముక్కు మా అత్త తుడుచుకునేది. క్రిస్మస్ నాటకంలో మరియమ్మకు చీర కావాలంటే ఆమె పెళ్లిచీర పోయింది. మరుసటి ఏడు గొర్రెల కాపరులకు తలగుడ్డలు కావాలంటే ఆ పెళ్లిచీరే ముక్కలై పోయింది. గుడి బల్ల మీది గుడ్డలు ఉతకడం ఆమె, ప్రేమవిందుకు చింతపండు పిసకడం ఆమె, ఎవరింట్లో ఎవరు పోయినా రాత్రంతా కూర్చునేది ఆమె. కోడికూర వండితే కాలు మామకు, రెండో కాలు వచ్చిన చుట్టానికి, మిగిలిన ముక్కలు మాకు; ఆమె వాటాకు మెడ కూడా దక్కేది కాదు, "నాకు పులుసే ఇష్టంరా" అనేది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మా అత్తను నేను చూడలేదు. ఎవరికో ఒకరికి తల తిరుగుతుంది, లేచి ఇచ్చేస్తుంది. ఇన్ని చేసి కూడా ఏడాదికి మూడు ఉపవాసాలు ఉండేది. అందులో శుభ శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే, ఉపవాసమైతే ఊరంతటికీ కొలబద్ద. కొత్తగా ఉపవాసం మొదలుపెట్టిన ఆడపిల్లలతో ముసలమ్మలు, "ఉపాసమంటే ఆయమ్మది. నోట్లో ఉమ్మి కూడా మింగదు" అని చెప్పేవాళ్లు. ఆ పేరంటే మా అత్తకు లోలోపల కొంచెం ముద్దు. మనిషన్నాక ఏదో ఒక నగ ఉండాలి కదా.

మా మామ బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. మంచివాడే. కాకపోతే ఇంట్లో ఫ్యాను కింది కుర్చీ, గుడిలో ఫ్యాను కింది చోటు, సిలువ మీది అయిదో మాట, ఈ మూడూ తనకు పట్టా రాసిచ్చిన భూములని ఆయన నమ్మకం. ఆ మాటేమిటో చెప్పాలి. శుభ శుక్రవారం పగలు పన్నెండు నుంచి మూడు దాకా మా గుడిలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మా ఊరోళ్లు వాటికి ఇంటిపేర్లు పెట్టుకున్నారు. క్షమాపణ మాట, దొంగ మాట, అమ్మ మాట, ఇట్లా. అయిదోది దాహం మాట. అది మా మామది. పెళ్లయిన మరుసటి ఏడు నుంచీ ఆయనే. ముప్పావు గంట తగ్గేది కాదు. కండక్టరు పని ఒంట్లోంచి పోలేదేమో, ప్రసంగంలోకి ఎక్కినవాళ్లను మధ్యలో దిగనిచ్చేవాడు కాదు. బైబిలు మొదట్లో ఆదికాండంలో బండి కదిలితే ప్రతి స్టేజీలో ఆగుతూ సిలువ వేసిన గొల్గొతా చేరేసరికి పిల్లలు నిద్రపోయి, పెద్దలు నిద్రపోయి, గోడమీది బల్లి కూడా కన్ను మూసేది. ఆ మూడు గంటలూ గుడిలో ఎవరూ చుక్క నీళ్లు ముట్టకూడదని మా ఊరి ఆచారం. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. చిత్తూరు ఎండల్లో, రేకుల కప్పు కింద. గుడి మూలగదిలో కుండ నిండా నీళ్లుంటాయి, దాని మీద చెక్క మూత, మూత మీద తెల్లగుడ్డ. మూడయ్యేదాకా ఆ గుడ్డ వంక చూడ్డం కూడా పాపమే.

ఆ ఏడు మా గుడికి కొత్త అయ్యగారు వచ్చాడు. మీసం కూడా సరిగా కుదురుకోని కుర్రాడు. బూడిద బుధవారం సాయంత్రం ఆరాధనలో, ఈ నలభై రోజులు ఎవరేమి వదిలేస్తారో లేచి చెప్పమన్నాడు. ఒకాయన టీ అన్నాడు, ఒకాయన సీరియళ్లు అన్నాడు, అది విని వాళ్లావిడ మొహంలో పెద్ద పండగ కనబడింది. మా మామ వక్కాకు అన్నాడు. అప్పట్లో నేను ఊళ్లోనే ఉండేవాణ్ణి, ఆ రోజు అక్కడే ఉన్నాను. నా కాకరకాయ చరిత్ర అప్పటికే మొదలైంది, కాబట్టి గట్టిగా చెప్పకుండా గొణిగాను. తర్వాత మా అత్త లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుని, "నేను త్యాగాలు మానేస్తానయ్యా" అంది.

అయ్యగారికి అర్థం కాలేదు. "అదెట్లమ్మా? ఇది త్యాగం చేసే కాలం గదా?"

"అందుకే" అంది మా అత్త. "ఎవురేమి అడిగినా ఊ అని లేస్తా ఉండా. లేసి లేసి, అందులో దేవునికి ఏది చేస్తా ఉండానో, మొహమాటానికి ఏది చేస్తా ఉండానో, మంచి పేరుకు ఏది చేస్తా ఉండానో నాకే తెలీకుండా పాయె. అన్నీ కలిసిపోయినాయి, పులుసు మాదిరి. ఈ నలభై రోజులు ఊరికే ఊ అనను. ఇది నా ప్రాణం పెట్టదగిందా కాదా అని ఆలోసించి, అయితేనే లేస్తా. ప్రభువు కూడా ఊరంతా తనకోసం వెతకతా ఉంటే కొండెక్కి ఒక్కడే కూసున్నాడు గదా. పిలిసినోళ్ల దగ్గరికల్లా పోలేదు. పోవాల్సిన కాడికి పోయినాడు. పోయినాక మళ్లీ ఎనక్కి తిరగలేదు."

మా మామ నా చెవిలో, "మీ అత్తకు ఎండ దెబ్బ తగిలినట్టుండాది, ఇంటికి పోతానే నిమ్మకాయ పిండాల" అన్నాడు. ఇంటికి పోయాక ఆ నిమ్మకాయ ఆయనే పిండుకోవాల్సి వచ్చింది. అత్త కుర్చీలో కూర్చుని ఉంది. ఏ కుర్చీ అంటారా? ఫ్యాను కిందిది.

ఆ నలభై రోజులు మా వంశచరిత్రలో ఎర్రటి సిరాతో రాయాలి. చిత్తూరులో ఉండే మా పెద్దత్త ఫోను చేసి, గుమ్మడి వడియాలు పెడుతున్నాను, వచ్చి మిద్దె మీద కాకులను తోలమంది. "కాకులకూ ఆకలి ఉంటాది గదక్కా" అని మా అత్త ఫోను పెట్టేసింది. గుడి ఆడవాళ్ల సంఘం వాళ్లు బల్లగుడ్డల మూట తెచ్చి అరుగు మీద పెట్టారు. సాయంత్రానికి ఆ మూట అక్కడే ఉంది, మరుసటి రోజుకూ ఉంది, మూడో రోజు సంఘం అధ్యక్షురాలే వచ్చి తీసుకుపోయి ఉతికింది. అవి ఎంత బరువుగా ఉంటాయో ఆమెకు అంతవరకూ తెలియదట. శ్రమల కాలంలో కోడికూర లేదు కాబట్టి కాలు గొడవ రాలేదు గానీ, కోడిగుడ్ల పులుసు రోజు మా అత్త తన కంచంలో ముందుగా రెండు గుడ్లు వేసుకుంది. మా మామ ఆ రెండు గుడ్లనూ ఎవరో ఊరు విడిచి పోతున్నట్లు చూశాడు. అట్లాగని ఆమె ఏమీ చేయకుండా కూర్చోలేదు. పక్కవీధిలో పక్షవాతంతో మంచాన పడిన ముసలమ్మకు రోజూ సంగటి తినిపించి వచ్చేది. అడిగితే, "అది ఆలోసించినా. అయినా పోవాలనే అనిపించింది" అనేది. అంటే ఆమె లేవడం మానలేదు. చూసి లేవడం మొదలుపెట్టింది. చూసి లేచే మనిషికి నడుం నొప్పి రాదని ఆ నలభై రోజుల్లో ఆమె కనిపెట్టింది.

అసలు పిడుగు నడిమధ్యలో పడింది. ఈసారి ఏడు మాటల్లో ఒకటి ఆడవాళ్లకు ఇద్దామని కొత్త అయ్యగారు అన్నాడు. అందరూ మా అత్త పేరే చెప్పారు. అమ్మ మాట తీసుకోమన్నారు. "అమ్మ మాట వద్దు" అంది మా అత్త. "నాకు దాహం మాట కావాల."

మా మామ లేచిన వేగానికి ఆయన చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. "అది నాది!"

"నీదే" అంది అత్త. "ఇంతకాలం నీదే. కాలు నీది, కుర్చీ నీది, కిటికీ సీటు నీది. అడక్క ముందే ఇచ్చినా. ఇది మాత్రం అడుగుతా ఉండా. దాని మీద నాకు సెప్పాల్సింది ఉండాది. ఇయ్యి."

"ఇయ్యను."

"అయ్యగారు ఇస్తాడు."

అయ్యగారు ఇచ్చాడు. పాపం, ఆ తర్వాత వారమంతా ఆయన మా మామకు ఎదురుపడకుండా చెరకు తోటల్లోంచి నడిచాడు. మా మామ ఇంట్లో సత్యాగ్రహం ప్రకటించాడు. "బేస్తవారం సాయంత్రం నుంచి నేను నీళ్లు ముట్టను. దాహమంటే ఏందో నువ్వు నోటితో సెప్పు. నేను ఒంటితో సూపిస్తా." మా అత్త సంగటి గెలుకుతూ, "సూపించు. ముందు వరసలో కూసో, అందరికీ కనపడతావు" అంది.

ఆ సంగటి గెలుకుతూనే ఆమె ప్రసంగం తయారు చేసుకుంది. కాగితం లేదు, కలం లేదు. పొయ్యి ముందు నిలబడి రాగిపిండిలో కట్టె తిప్పుతూ గట్టిగా చెప్పుకునేది. వాక్యం బాగా కుదిరిన రోజు సంగటి వెన్నలాగా వచ్చేది. ఎక్కడైనా మాట తట్టకపోతే ఉండలు కట్టేది. మా మామ నోట్లో ఉండ తగిలినప్పుడల్లా, "ఈ పొద్దు మీ అత్త రెండో పాయింటు కాడ ఇరుక్కునింది" అనేవాడు. మొత్తం నాలుగు సంగతులు చెప్తానని నాతో అంది. నా వైపు తిరిగి చెబుతున్నప్పుడు ఆమె కళ్లలో ఒక మెరుపు చూశాను. ఆమె ఏదీ తనకని ఎన్నడూ దాచుకోలేదు. ఆ నాలుగు సంగతులను మాత్రం కొత్త పెళ్లికూతురు నగలపెట్టె దాచుకున్నట్లు దాచుకుంది. నలభై మందికి వండి పెట్టిన మనిషికి, ఒక్కసారి, నలుగురి ముందు నిలబడి, తన నోటితో తన మాట చెప్పాలని కోరిక. అంతే. ప్రపంచంలో అంతకన్నా చిన్న కోరిక ఉండదు. అంతకన్నా పెద్దదీ ఉండదు.

శుభ శుక్రవారం వచ్చింది. ఆ రోజు ఎండ ఎట్లాంటిదంటే, సైకిలు మీద పోయేవాళ్ల నీడలు కూడా చెట్ల కింద ఆగి సేద తీర్చుకున్నాయి. గుడి రేకులు టపటపమంటున్నాయి. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ముందు వరసలో, ఫ్యాను సరిగ్గా కింద, మా మామ. ఒళ్లో ఖాళీ స్టీలు లోటా బోర్లించి పెట్టుకున్నాడు, దాహానికి గుర్తుగా. ఆడవాళ్ల పక్క గోడకానుకుని సత్యవేడు నుంచి మా వీధికి కొత్తగా వచ్చిన కోడలు, ఏడో నెల గర్భిణి. తమిళం కలిసిన తెలుగు, అదీ చాలా తక్కువ, ఎక్కువగా తల ఊపుడే. పక్కన ఆమె అత్తగారు విసనకర్ర విసురుతూ విసురుతూ కునుకు తీస్తోంది. ఆ పిల్లను ఉపవాసం ఉండమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో చాలా పెద్ద పొరపాట్లు ఇట్లాగే జరుగుతాయి.

నాలుగో మాట ముగిసింది. అయ్యగారు తల ఊపాడు. మా అత్త లేచి, చెప్పులు విప్పి, ప్రసంగపీఠం ఎక్కింది. పీఠం ఎత్తుగా ఉండి ఆమె కళ్లు, బొట్టు లేని నుదురు మాత్రమే కనబడుతున్నాయి. అయ్యగారు పరుగున పోయి కిందికి ఒక పీట వేశాడు. అప్పుడు మనిషి మొత్తం పైకి లేచింది. "నాలుగు సంగతులు సెప్తా" అంది.

"మొదటిది. సముద్రాన్ని నోరు మూసుకోమంటే మూసుకునింది. పెండ్లింట్లో బానల నిండా నీళ్లను ద్రాక్షరసం సేసినాడు. అంతటోడు, నాకు దప్పిగా ఉండాదని నోరు తెరిసి అడిగినాడు. ఎవురిని? తనకు మేకులు కొట్టినోళ్లను. సిగ్గు పడలా. మనం అడగం. ఆడోళ్లం అసలుకే అడగం. అడిగితే మన త్యాగం సెడిపోతాదని భయం. మనది ఆయన త్యాగం కంటే పెద్దదా?"

మగవాళ్ల పక్క కూడా నిద్ర తేలిపోయింది. మా అత్త ఊపిరి తీసుకుని, వేలు రెండోదానికి మడిచింది. సరిగ్గా అప్పుడే మా మామ కుడివైపుకు ఒరిగాడు. లోటా ఒళ్లోంచి జారి గచ్చు మీద ఖణఖణమని దొర్లింది. కళ్లు తేలేశాడు. పక్కవాళ్లు "అయ్యో, అన్నకు సొమ్మసిల్లింది!" అని పట్టుకున్నారు. గుడంతా లేచింది. అందరూ మా అత్త వైపే చూశారు. ఆమె అప్పటిదాకా బతికిన బతుకంతా ఆ చూపులో ఉంది. పరుగెత్తి రా, నీ మాట సంగతి తర్వాత, ముందు ఆయన సంగతి.

మా అత్త కదల్లేదు. "ఆయనకేమీ కాదు, కూసోండి" అంది. "పొద్దున పదింటికి ఎదురుగుండా కొట్లో నిమ్మసోడా తాగొచ్చినాడు. గోళీ సప్పుడు మా వంటింట్లోకి ఇనపడింది. తాగినాక ఆయన త్రేపింది కూడా ఇనపడింది."

మా మామ కళ్లు వాటంతట అవే కిందికి దిగాయి. ఆయన నిటారుగా కూర్చున్నాడు. సొమ్మసిల్లిన మనిషి అంత త్వరగా తేరుకోవడం మా గుడిలో జరిగిన అద్భుతాల్లో మొదటిది. ఎదురుగా కొట్టాయన సాక్ష్యం పలికినట్లు ఒక సోడా కొట్టాడు. ఇంకేముంది! శుభ శుక్రవారం, సిలువ ముందు, గుడి గుడంతా పగలబడి నవ్వింది. అయ్యగారు వాక్యపుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ పుస్తకం ఊగుతోంది. కునుకు తీస్తున్న అత్తగారు లేచి, ఎందుకో తెలియకుండానే నవ్వింది.

ఒక్క మొహం నవ్వలేదు. అందరి పళ్లూ కనబడుతున్నప్పుడు నవ్వని మొహం వేరుగా కనబడుతుంది కాబోలు. గోడకానుకున్న ఆ సత్యవేడు పిల్ల, పెదవులు తెల్లబడి, చెమట ఆగిపోయిన నుదురుతో, ఎటో చూస్తోంది. పడిపోలేదు. లోటా దొర్లించలేదు. చప్పుడు లేదు. మా అత్త వేలు ఇంకా రెండోదాని మీదే మడిచి ఉంది. ఆమె ఆ వేలు వంక చూసుకుంది. నేను పీఠానికి దగ్గరగా, కిటికీ పక్కనే ఉన్నాను కాబట్టి ఆ చూపు నాకు స్పష్టంగా కనబడింది. నలభై రోజులుగా తన ముందుకొచ్చిన ప్రతిదాన్నీ ఇది ప్రాణం పెట్టదగిందా అని అడిగిన మనిషి, ఆ వేలును కూడా అదే అడిగింది. ఎంతసేపో పట్టలేదు. వేలు విప్పేసి పీట దిగింది.

మూలగదిలోకి పోయి తెల్లగుడ్డ లాగేసింది. చెక్క మూత తీసిన చప్పుడు గుడంతా వినబడింది. లోటా నిండా నీళ్లు ముంచుకొచ్చి ఆ పిల్ల ముందు కూర్చుంది. "తాగు మే."

"వేండాంత్తా" అని ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "అందరూ ఉపాసం ఉండారు. నేనొక్కదాన్నే తాగితే..."

అది మాట. తానొక్కతే తాగితే. చుట్టూ ముసలమ్మలు చూస్తున్నారు. మా అత్త, ఊరికి కొలబద్ద అయిన ఉపవాసం, ఉమ్మి కూడా మింగదని పేరున్న ఉపవాసం వదిలేసి, ఆ లోటా ఎత్తి గటగట తానే ముందు తాగేసింది. గొంతులో నీళ్లు దిగిన చప్పుడు కూడా దాచుకోలేదు. కొంగుతో మూతి తుడుచుకుని, "ఇప్పుడు నువ్వొక్కదానివి కాదు గదా. తాగు" అంది.

ఆ పిల్ల రెండు లోటాలు తాగింది. రెండోదాని మధ్యలో ఏడ్చింది, నవ్వింది. ఆమె అత్తగారు విసనకర్ర కిందపడేసి, "నాకు తోచకపాయె, నాకు తోచకపాయెనే" అని ఆ పిల్ల వీపు నిమురుతూ, తానూ ఒక లోటా అందుకుంది. తర్వాత ముసలమ్మలు. తర్వాత మగవాళ్లు, ఏదో అయ్యగారు చెబితే తాగినట్టు మొహాలు పెట్టుకుని. అందరికన్నా చివర ముందు వరసలోంచి ఒక గొంతు, చాలా చిన్నగా, "నాక్కూడా ఒగ లోటా" అంది. "నీకు సోడా అయిపోయింది గదా" అని మా అత్త అరిచింది గానీ, ఇచ్చింది. అప్పుడు మా మామ చేసిన పని చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. తాగిన లోటాను బోర్లించకుండా, కుండ చంకన పెట్టుకుని, టికెట్, టికెట్ అన్నట్టు వరస వరసకూ పోయి అందరికీ నీళ్లు పోశాడు. ఎవరినీ వదలలేదు. కండక్టరు కదా. అయ్యగారు తానూ తాగి, గొంతు సవరించుకుని, "అయిదో మాట అయిపోయింది. ఆరో మాట" అన్నాడు.

మూడు దాటాక ఇంటికి నడుస్తూ నేను అడిగాను. "అత్తా, మిగతా మూడు సంగతులూ పోయినాయే. బాధ లేదా?"

"ఎందుకు లేదురా అబ్బోడా, కడుపు మండిపోతా ఉండాది" అంది మా అత్త. నలభై దాటినా ఆమెకు నేను అబ్బోడినే. "మూడోదైతే ఎంత బాగుండాదో తెలుసా? మీ మామ ఏడుస్తాడు అది ఇంటే. అయినా సూడు. ఇంతకు ముందు నా కాడ నుంచి పోయినవన్నీ ఎవురో ఒకరు తీసకపోయినవి. ఇది నేను ఇచ్చింది. సూసి ఇచ్చింది. అందుకే మంట ఉండాది గానీ, ఏడుపు రాలా." కొంత దూరం పోయాక తనలో తాను నవ్వుకుంది. "నీళ్లు ఎంత సల్లగా ఉండాయిరా! ఇన్నేండ్లు ఆ కుండలో అంత సల్లటి నీళ్లుంటే తెలీనే లేదు నాకు."

ఈస్టరు తర్వాత ఆమె త్యాగాలు మళ్లీ మొదలుపెట్టింది, కానీ పాత పద్ధతిలో కాదు. ఎవరేమి అడిగినా ఒకసారి పైకప్పు వంక చూస్తుంది. ఆ చూపు దిగేలోపల అడిగినవాళ్లలో సగం మంది, "పోనీలే వదినా, నేనే సేసుకుంటా" అని లేచిపోతారు. మిగతా సగం మంది పనికి మాత్రం ఆమె పోయిందంటే వెనక్కి తిరగదు. కాకులు తోలేది ఇప్పుడు మా పెద్దత్తే.

మరుసటి ఏడు అయ్యగారు దాహం మాట మళ్లీ ఆమెకే ఇచ్చాడు, మిగిలిన మూడు సంగతులు చెప్పమన్నాడు. ఆమె పైకప్పు వంక చూసి, "ఈసారి ఆయనకు ఇయ్యండి, కాకపోతే ఒక షరతు" అంది. అప్పట్నుంచి మా గుడిలో అయిదో మాట మా మామదే. షరతు ఏమిటంటే, అది మొదలుకాగానే మజ్జిగ వస్తుంది. ఎండకు ఎండిన జనం, అల్లం కరివేపాకు వేసిన చల్లటి మజ్జిగ చేతికొచ్చాక ఆదికాండం ఎవరు వింటారు? మామకు ఆ సంగతి తెలిసి, ఇప్పుడు పదకొండు నిమిషాల్లో గొల్గొతా చేరుస్తున్నాడు. ఎక్స్‌ప్రెస్ సర్వీసు. అల్లం మాత్రం సోడా కొట్టాయన ఇస్తాడు.

కాకరకాయ త్యాగం మీద నిలబడి ఈ ఏడు కూడా మేమందరం శుభ శుక్రవారానికి ఊరికి పోయాము. రేకుల కింద అదే ఎండ, ముందు వరసలో ముసలైన మామ, ఆడవాళ్ల పక్క ముసలైన అత్త, గోడ పక్కన ఇప్పుడు అందరికన్నా గట్టిగా మాట్లాడే ఆ సత్యవేడు కోడలు. నాలుగో మాట అయిపోగానే మూలగదిలోంచి మజ్జిగ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఒక పిల్ల వచ్చింది. రెండు జడలు, పక్క పన్ను ఒకటి లేదు. ఆ రోజు కడుపులో ఉండి ఆ రెండు లోటాల నీళ్లూ తాగింది ఈ పిల్లే. నా దగ్గరికొచ్చి, సగం మజ్జిగ గ్లాసులోనూ సగం నా తెల్లచొక్కా మీదా పోసి, "సారీ మామా, ఇంగోటి తెస్తా" అని పళ్లెం ఊపుకుంటూ పరుగెత్తింది. ఆడవాళ్ల పక్కనుంచి మా అత్త ఆ పరుగునే చూస్తోంది, ఆ రోజు పీఠం మీద మాదిరే రెండో వేలు మడిచి పెట్టుకుని. పదేళ్ల కిందట మొదటి సంగతి దగ్గర ఆగిపోయిందనుకున్న ఆమె ప్రసంగం అసలు ఆగనే లేదని, ఇన్నాళ్లూ రెండు జడలు వేసుకుని అది పెరుగుతూనే ఉందని, తడిసిన చొక్కాతో కూర్చుని నేను తెలుసుకున్నాను.